నూతన రాష్ట్రం – తొలి తీర్పు

పాఠ్యభాగ పరిచయం

ఇది చారిత్రక వ్యాసం. 1953లో ఆంధ్ర రాష్ట్రం అవతరించిన నాటి నుండి 1955లో ఆ రాష్ట్రానికి తొలి ఎన్నికలు జరిగిన నాటి వరకు గల పరిణామాలు ఇందలి ఇతివృత్తం. రాష్ట్రం ఏర్పడటం ఒక ఘట్టం. ఆ రాష్ట్ర ప్రజలు తమ పాలకులను తామే ఎన్నుకోవడం మరొక ఘట్టం. ఈ రెండింటి నడుమ పదహారు నెలల కాలం గడిచింది. ఆ కాలంలో ఏం జరిగిందో తెలుసుకుందాం.

పాఠ్యభాగం

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లాకు పడమటి అంచున, వెలిగొండల చెంత ఉదయగిరి ఉంది. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుండి గెలుచుకున్న దుర్గం ఇదే. ఇక్కడి నుండి పామూరు వైపు సాగే మెట్ట ప్రాంతంలో వరికుంటపాడు కనిపిస్తుంది. ఊరి పేరులో వరీ ఉంది, కుంటా ఉంది. పైరుకు ఆధారం మాత్రం చాలావరకు వానచినుకే. జిల్లా తూర్పు భాగాన పెన్నా కాలువల కింద పండే మాగాణికీ, ఈ పడమటి మెట్టకూ ఎంతో అంతరం ఉంది. ఆ అంతరాన్ని లెక్కలోకి తీసుకోని వస్తువు ఒక్కటే ఉంది. అది ఓటు. డెల్టా భూస్వామి చేతిలోనూ, మెట్ట కూలీ చేతిలోనూ దాని విలువ ఒక్కటే.

ఆ ఓటు అందరికీ దక్కి ఎంతో కాలం కాలేదు. ఆంగ్లేయుల పాలనలో ఆస్తి గలవారికీ, పన్ను చెల్లించేవారికీ, కొంత చదువు ఉన్నవారికీ మాత్రమే ఓటుహక్కు ఉండేది. ఇరవై ఒక్క సంవత్సరాలు నిండిన ప్రతి స్త్రీకీ, ప్రతి పురుషునికీ ఆ హక్కును ప్రసాదించింది 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం. ఆ హక్కుతో తొలి సాధారణ ఎన్నికలు మద్రాసు రాష్ట్రంలో 1952 ఆరంభంలో జరిగాయి. నెల్లూరు జిల్లా అప్పుడు మద్రాసు రాష్ట్రంలో భాగం. ఉదయగిరి తాలూకా ప్రజలు ఎన్నుకున్న శాసనసభ్యుడు వెళ్లవలసింది మద్రాసు నగరానికే. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ ప్రాంతాల ప్రతినిధులు 375 మంది కూర్చునే సభ అది. అందులో ఏ పార్టీకీ ఆధిక్యం రాలేదు. కాంగ్రెస్ పార్టీకి లభించినవి 152 స్థానాలు. చివరకు చక్రవర్తుల రాజగోపాలాచారి ముఖ్యమంత్రి అయ్యారు. తెలుగు జిల్లాలలో కమ్యూనిస్టులు కాంగ్రెస్‌తో సమానంగా నిలిచారు.

అదే సంవత్సరం అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు మద్రాసులో బులుసు సాంబమూర్తి గృహంలో ఆమరణ నిరాహారదీక్ష ప్రారంభించారు. శ్రీరాములు పూర్వీకుల గ్రామమైన పడమటిపల్లె కనిగిరి ప్రాంతంలోనిది. కనిగిరి తరువాతి కాలంలో ప్రకాశం జిల్లాలో చేరినా, నాడు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. అంటే ఉదయగిరి మెట్టకు ఆయన పరాయివాడు కాడు, ఇరుగుపొరుగువాడే. యాభై ఎనిమిది దినాల దీక్ష అనంతరం డిసెంబరు 15 రాత్రి ఆయన అమరుడయ్యారు. ఆంధ్ర దేశం అట్టుడికిపోయింది. నాలుగు దినాలు తిరగకముందే, డిసెంబరు 19న, వివాదం లేని తెలుగు ప్రాంతాలతో ప్రత్యేక రాష్ట్రం ఏర్పాటు చేస్తామని ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ప్రకటించారు. మద్రాసు నగరం మాత్రం అందులో చేరదు. పంపకాల వ్యవహారాలను పరిశీలించే బాధ్యత జస్టిస్ కైలాసనాథ్ వాంఛూకు అప్పగించారు. 1953 అక్టోబరు 1న కర్నూలులో నెహ్రూ చేతుల మీదుగా పదకొండు జిల్లాల ఆంధ్ర రాష్ట్రం ప్రారంభమైంది. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక స్ఫూర్తితో రాజధాని రాయలసీమకు, హైకోర్టు కోస్తాకు దక్కాయి. కర్నూలులో సరిపడా భవనాలు లేక కార్యాలయాలు కొన్ని గుడారాలలో నడిచాయి. గుడారాలలోనైనా సరే, స్వంత ఇంట కాపురమన్న సంతోషమే నాడు అందరి మనసులలోనూ నిండి ఉంది.

ఆ సంతోషంలో ఒక ప్రశ్నను చాలామంది గమనించలేదు. ఈ కొత్త రాష్ట్రాన్ని పాలించవలసిందిగా ఎవరిని, ఎవరు ఎన్నుకున్నారు?

ఈ ప్రశ్న ఎంత సహజమైనదో తెలియాలంటే ఒక్కసారి సముద్రాలు దాటి చూడాలి. అమెరికాలోని కాలిఫోర్నియా 1848లో మెక్సికో నుండి అమెరికా సంయుక్త రాష్ట్రాల అధీనంలోకి వచ్చింది. అదే సంవత్సరం ఆరంభంలో అక్కడ బంగారం బయటపడింది. నలుదెసల నుండి జనం వెల్లువలా వచ్చిపడ్డారు. ప్రభుత్వమన్నది స్థిరంగా లేదు. 1849 శరదృతువులో మాంటెరీ పట్టణంలో ప్రతినిధులు సమావేశమై రాజ్యాంగాన్ని రచించుకున్నారు. నవంబరు 13న ప్రజలు ఆ రాజ్యాంగానికి ఆమోదం తెలిపారు. అదే దినాన, అదే ఓటింగులో, పీటర్ బర్నెట్ అనే న్యాయవాదిని తమ తొలి గవర్నరుగా ఎన్నుకున్నారు. కాలిఫోర్నియాకు రాష్ట్ర ప్రతిపత్తి లభించినది మాత్రం 1850 సెప్టెంబరు 9న. అంటే అక్కడ ముందు ఎన్నిక, తరువాత రాష్ట్రం. ఆంధ్రలో ముందు రాష్ట్రం, తరువాత ఎన్నిక. కాలిఫోర్నియా పద్ధతిని ఆదర్శమని చెప్పడానికి వీలులేదు. ఆనాడు అక్కడ ఓటు వేసినది పురుషులే, అందునా ప్రధానంగా తెల్లజాతివారే. స్త్రీలకు, నల్లజాతివారికి, ఆదిమవాసులకు ఆ ఎన్నికలో పాత్ర లేదు. వరికుంటపాడు మెట్టలో ఓటున్న ఒక కూలి స్త్రీకి 1952లో లభించిన హక్కు, 1849లో అక్కడి సంపన్న కుటుంబపు స్త్రీకి సైతం లేదు.

ఇక్కడ ఒక పదాన్ని గురించి స్పష్టత అవసరం. అమెరికాలో గవర్నరు అంటే రాష్ట్ర పాలనకు నిజమైన అధినేత. ఆయనను ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు. భారతదేశంలో ఆ పాలనాధికారం ముఖ్యమంత్రిది. గవర్నరును రాష్ట్రపతి నియమిస్తారు. అయితే మనకు కూడా ఎన్నికైన గవర్నర్లు వచ్చే అవకాశం ఒకప్పుడు ఉన్నదని చాలామందికి తెలియదు. 1947లో రాజ్యాంగ సభ గవర్నరును ప్రజలే ఎన్నుకోవాలన్న సూత్రాన్ని అంగీకరించింది. రెండేళ్ల తరువాత, 1949 మే నెలలో, ఆ నిర్ణయాన్ని మార్చుకుంది. ప్రజల ఓటుతో గెలిచిన గవర్నరు ఒకవైపు, ప్రజల ఓటుతో గెలిచిన సభకు నాయకుడైన ముఖ్యమంత్రి మరొకవైపు ఉంటే ఒకే ఒరలో రెండు కత్తులు ఇమిడ్చినట్లవుతుందని సభ్యులు భావించారు. అందువల్ల ఆంధ్ర రాష్ట్ర తొలి గవర్నరైన చందూలాల్ మాధవలాల్ త్రివేది ప్రజల ఓటుతో వచ్చినవారు కారు. అంతకు ముందు పంజాబు గవర్నరుగా పనిచేసిన అనుభవజ్ఞుడైన పాలనాధికారి ఆయన.

గవర్నరు నియమితుడు కావడంలో వింత లేదు. తొలి శాసనసభ సైతం కొత్తగా ఎన్నికైనది కాకపోవడమే ఇక్కడి విశేషం. మద్రాసు శాసనసభలో తెలుగు ప్రాంతాలకు ప్రాతినిధ్యం వహిస్తున్న 140 మందే కర్నూలుకు వచ్చి ఆంధ్ర శాసనసభ్యులయ్యారు. మద్రాసు కోసం వేసిన ఓటు కర్నూలులో చెల్లుబాటయిందన్నమాట. ప్రత్యేక రాష్ట్రం ఎప్పుడు వస్తుందో తెలియని కాలంలో, వేరే సమస్యలను దృష్టిలో ఉంచుకొని ప్రజలు ఎన్నుకున్న సభ్యులు వీరు. చట్టం దృష్టిలో దోషం లేదు. పరిపాలన ఒక్క దినమైనా ఆగకుండా సాగాలంటే అంతకన్న సులువైన మార్గమూ లేదు. అయినా పునాది పలచనిదేనని కాలం త్వరలోనే నిరూపించింది.

ఆ సభలో కాంగ్రెస్‌కు సొంత బలం చాలదు. అందరినీ కలుపుకొని పోగల పెద్దదిక్కు కావలసి వచ్చింది. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు అప్పటికే కాంగ్రెస్‌ను వీడి, ప్రజా సోషలిస్టు పార్టీలో ఉన్నారు. ఆయన ఆ పార్టీకి రాజీనామా చేసి, కాంగ్రెస్ మద్దతుతో ముఖ్యమంత్రి పదవిని స్వీకరించారు. నీలం సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికి ప్రకాశం వయస్సు ఎనభై ఒక్క సంవత్సరాలు. ఆ వయస్సులో గుడారాల రాజధానిలో పాలన సాగించడం సామాన్యమైన సాహసం కాదు. పదమూడు నెలల కాలంలోనే తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలసింది, గుంటూరులో హైకోర్టు ఏర్పడింది, విజయవాడ వద్ద కృష్ణానదిపై కొత్త ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. ఆ ఆనకట్టకే తరువాత ఆయన పేరు పెట్టారు.

ప్రభుత్వాన్ని కూల్చినది మద్యనిషేధం. మద్రాసు రాష్ట్రం నుండి వారసత్వంగా వచ్చిన చట్టమది. నిషేధం వల్ల కల్లుగీత కార్మికుల కుటుంబాలు జీవనాధారాన్ని కోల్పోయాయి. చట్టం అమలు కూడా సక్రమంగా లేదు. ఈ విషయాన్ని పరిశీలించిన ఎస్.వి. రామమూర్తి సంఘం నిషేధాన్ని ఎత్తివేయవలసిందిగా సూచించింది. ప్రభుత్వం ఆ సూచనను ఆమోదించలేదు. గీత కార్మికుల పక్షాన గౌతు లచ్చన్న ఉద్యమించారు. 1954 నవంబరు 6న శాసనసభలో అవిశ్వాస తీర్మానం ఓటుకు వచ్చింది. ప్రకాశం ప్రభుత్వం ఒకే ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. తాటిచెట్టు ఎక్కి పొట్ట పోసుకునే మనిషి గోడు ఒక ముఖ్యమంత్రిని గద్దె దించిందంటే, ప్రజాస్వామ్యంలో ఏ సమస్యా చిన్నది కాదని అర్థమవుతుంది. కాలిఫోర్నియా తొలి గవర్నరు బర్నెట్ కూడా పదవీకాలం పూర్తి చేయలేదు, 1851 జనవరిలో రాజీనామా చేశారు. కొత్త రాష్ట్రాల తొలి పాలకులకు కాలం అంతగా కలిసిరాదేమో!

నవంబరు 15న శాసనసభ రద్దయింది, రాష్ట్రపతి పాలన మొదలైంది. సుమారు నాలుగున్నర నెలలపాటు గవర్నరు త్రివేదియే రాష్ట్రాన్ని నడిపించారు. తమ రాష్ట్రం కావాలని ప్రాణాలర్పించి సాధించుకున్న ప్రజలకు, ఏడాది తిరిగేసరికి తమ ప్రభుత్వమంటూ లేకుండా పోయింది. అప్పుడు వచ్చినవే 1955 ఫిబ్రవరి ఎన్నికలు. ఆంధ్ర ప్రజలు ఆంధ్ర రాష్ట్రం కోసమే వేసిన తొలి ఓట్లు ఇవి.

శాసనసభ స్థానాల సంఖ్య 140 నుండి 196కు పెరిగింది. నియోజకవర్గాలు మాత్రం 167. వాటిలో 29 నియోజకవర్గాలు ఇద్దరేసి సభ్యులను ఎన్నుకునేవి. షెడ్యూల్డు కులాలకు లేదా తెగలకు ఒక స్థానం, సామాన్యులకు ఒక స్థానం చొప్పున అవి ఏర్పడ్డాయి. అక్కడి ఓటరుకు రెండు ఓట్లుండేవి. నాటి ఓటింగు పద్ధతి కూడా నేటి విద్యార్థికి వింతగా తోస్తుంది. పోలింగు కేంద్రంలోని మరుగు గదిలో ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె ఉండేది. పెట్టెపై ఆ అభ్యర్థి గుర్తు అంటించి ఉండేది. కాంగ్రెస్‌కు కాడెద్దులు, కమ్యూనిస్టులకు కంకి కొడవలి. ఓటరు తన కాగితంపై ఏ గుర్తూ వేయనక్కరలేదు. తనకు నచ్చిన పెట్టెలో దానిని వేసి వస్తే చాలు. అక్షరం రానివారు అత్యధికంగా ఉన్న పల్లెలలో, మనిషి కళ్లెదుట నిత్యం కనిపించే ఎద్దూ కొడవలీ ఎన్నికల భాషగా మారాయి.

ఎన్నికలను దేశమంతా ఆసక్తితో గమనించింది. కారణం లేకపోలేదు. కమ్యూనిస్టులు గెలిస్తే దేశంలో ఆ పార్టీ అధికారానికి వచ్చిన తొలి రాష్ట్రం ఆంధ్రయే అయ్యేది. ఆ ఘనత తరువాత, 1957లో, కేరళకు దక్కింది. వారి గెలుపు తథ్యమని నమ్మినవారు నాడు తక్కువ కాదు. 1952లో తమ ప్రత్యర్థులు చీలిపోవడం వారికి కలిసివచ్చింది. ఈసారి కాంగ్రెస్, ఆచార్య రంగా నాయకత్వంలోని కృషికార్ లోక్ పార్టీ, ప్రకాశం వెంట ఉన్న ప్రజాపార్టీ ఒక్కటై ఐక్య కాంగ్రెస్ కూటమిగా బరిలోకి దిగాయి. జనవరిలో మద్రాసు సమీపానగల ఆవడిలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. సోషలిస్టు తరహా సమాజాన్ని నిర్మించడమే తమ లక్ష్యమని ఆ సభ తీర్మానించింది. కమ్యూనిస్టుల నినాదాలకు అది ఒక విధంగా సమాధానమయింది. ఆంధ్రలో కాంగ్రెస్ ప్రచారాన్ని సమన్వయపరచడానికి బొంబాయి నుండి ఎస్.కె. పాటిల్ వచ్చారు. మరోపక్క మహాకవి శ్రీశ్రీ కమ్యూనిస్టుల పక్షాన ఊరూరా ప్రచారం చేశారు. ఫిబ్రవరి 11న పోలింగు జరిగింది.

ఫలితాలు చాలామంది అంచనాలను తలకిందులు చేశాయి. కాంగ్రెస్‌కు 119, కృషికార్ లోక్ పార్టీకి 22, ప్రజాపార్టీకి 5 స్థానాలు లభించాయి. కూటమి మొత్తం 146. ప్రజా సోషలిస్టులకు 13, స్వతంత్రులకు 22 దక్కాయి. కమ్యూనిస్టులు 15 స్థానాలతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

అయితే ఈ అంకెల వెనుక మరొక అంకె దాగి ఉంది. పోలైన ఓట్లలో కమ్యూనిస్టులకు సుమారు 31 శాతం వచ్చాయి. అంటే ప్రతి పదిమంది ఓటర్లలో ముగ్గురు వారిని బలపరిచారు. సభలో మాత్రం వారికి దక్కినది ఎనిమిది శాతం కన్న తక్కువ. ఇది ఎట్లా సాధ్యమయింది? ఒక ఊరిలో వేయి ఓట్లు పోలయ్యాయనుకుందాం. ముగ్గురు అభ్యర్థులకు 350, 330, 320 చొప్పున వస్తే, 350 వచ్చినవాడు గెలుస్తాడు. మరుసటి ఎన్నికలో తక్కిన ఇద్దరూ కలిసి ఒక్కరినే నిలబెడితే, ఆ ఒక్కరికీ 650 వస్తాయి. మొదటివాడు అదే 350తో ఓడిపోతాడు. అతని బలం ఒక్క ఓటైనా తగ్గలేదు, ఎదుటివారు ఒక్కటయ్యారంతే. మన దేశంలో అందరికన్న ఎక్కువ ఓట్లు వచ్చినవారే విజేత, వచ్చిన ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు పంచే పద్ధతి లేదు. ఈ పద్ధతి వల్ల స్థిరమైన ప్రభుత్వం వచ్చిన మాట నిజం. పదిమందిలో ముగ్గురి గొంతు సభలో పలుచగా వినిపించిన మాట కూడా అంతే నిజం. 1954లో ఒక్క ఓటుతో ప్రభుత్వం కూలిన రాష్ట్రానికి స్థిరత్వం ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. కాని దానికి చెల్లించిన మూల్యాన్ని లెక్కలోనుండి కొట్టివేయడం న్యాయం కాదు.

నెల్లూరు జిల్లాకు ఈ ఎన్నికలలో ఒక ప్రత్యేకత ఉంది. ఉదయగిరికి పొరుగున ఉన్న ఆత్మకూరు నుండి గెలిచిన బెజవాడ గోపాలరెడ్డి 1955 మార్చి 28న ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం చేశారు. బుచ్చిరెడ్డిపాలెంలో 1907లో జన్మించిన ఈయన శాంతినికేతనంలో విద్యనభ్యసించి, రవీంద్రుని రచనలను తెలుగులోకి అనువదించిన సాహితీవేత్త. అదే సభలో కమ్యూనిస్టు పక్షానికి నాయకత్వం వహించిన పుచ్చలపల్లి సుందరయ్య కూడా ఈ జిల్లాలోని అలగానిపాడు గ్రామస్థుడే. ఆయన గెలిచినది మాత్రం కృష్ణా జిల్లా గన్నవరం నుండి. అధికార పీఠంపై ఒకరు, ఎదురుగా మరొకరు, ఇద్దరిదీ ఒకే జిల్లా, ఇద్దరూ స్వాతంత్ర్య సమరంలో కారాగారవాసం అనుభవించినవారే. సిద్ధాంతాలు మాత్రం ఉత్తర దక్షిణ ధ్రువాలు.

గోపాలరెడ్డి ముఖ్యమంత్రిత్వం పందొమ్మిది నెలలు సాగింది. 1956 నవంబరు 1న తెలంగాణ ప్రాంతంతో కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. గోపాలరెడ్డి అనంతరం కేంద్రమంత్రిగా పనిచేసి, 1967 నుండి 1972 వరకు ఉత్తరప్రదేశ్ గవర్నరుగా వ్యవహరించారు. ఒకప్పుడు ఆత్మకూరు ఓటర్ల తీర్పుతో రాష్ట్రాన్ని పాలించిన వ్యక్తి, తరువాత ఎవరి ఓటూ అక్కరలేని పదవిలో మరొక రాష్ట్రపు రాజభవనంలో నివసించారు. ఎన్నికకూ నియామకానికీ గల భేదం ఒకే జీవితంలో ఇంత స్పష్టంగా కనిపించడం అరుదు.

1955 నాటి ఓటుకు మరొక చిత్రమైన కొనసాగింపు ఉంది. 1957లో దేశమంతటా రెండవ సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు, ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తెలంగాణ ప్రాంతంలో మాత్రమే ఎన్నికలు నిర్వహించారు. ఆంధ్ర ప్రాంతంలో 1955లో ఎన్నికైనవారే కొనసాగారు. 1952లో మద్రాసు కోసం వేసిన ఓటు కర్నూలులో చెల్లినట్లే, 1955లో కర్నూలు కోసం వేసిన ఓటు హైదరాబాదులో చెల్లింది. వరికుంటపాడు ఓటరు ఆంధ్రప్రదేశ్ శాసనసభ కోసం ప్రత్యేకంగా సాధారణ ఎన్నికలలో ఓటు వేసినది 1962లోనే. అప్పటికి గుర్తుకొక పెట్టె పోయింది. అన్ని గుర్తులూ ఒకే కాగితంపై అచ్చయ్యాయి. ఓటరు ఆ కాగితంపై ముద్ర వేసి, అందరికీ ఉమ్మడిగా ఉన్న ఒకే పెట్టెలో దానిని వేయసాగాడు.

కఠిన పదాలు – అర్థాలు

ఇతివృత్తం = కథావస్తువు
అంతరం = తేడా, భేదం
మాగాణి = నీటి వసతితో వరి పండే భూమి
మెట్ట = వానపై ఆధారపడిన భూమి
ఒడంబడిక = ఒప్పందం
ప్రతిపత్తి = హోదా
ఒర = కత్తిని ఉంచే తొడుగు
అవిశ్వాస తీర్మానం = ప్రభుత్వంపై నమ్మకం లేదని సభ చేసే తీర్మానం
తథ్యం = నిజం, తప్పక జరిగేది
మూల్యం = వెల

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ఆంధ్ర రాష్ట్ర తొలి శాసనసభ ఎట్లా ఏర్పడింది? ప్రకాశం ప్రభుత్వ పతనానికి దారితీసిన పరిస్థితులను వివరించండి.
2. 1955 ఎన్నికలలో కమ్యూనిస్టులకు లభించిన ఓట్లకూ, స్థానాలకూ గల వ్యత్యాసాన్ని చర్చించండి. ఆ ఫలితం న్యాయమైనదేనా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. గవర్నరును ఎన్నుకోవాలన్న నిర్ణయాన్ని రాజ్యాంగ సభ ఎందుకు మార్చుకుంది?
2. 1955 నాటి ఓటింగు పద్ధతిని తెలపండి.
3. కాలిఫోర్నియా తొలి ఎన్నికకూ ఆంధ్ర రాష్ట్ర తొలి ఎన్నికకూ గల తేడాలేవి?

ఇ) సందర్భ సహిత వ్యాఖ్యలు
1. “మద్రాసు కోసం వేసిన ఓటు కర్నూలులో చెల్లుబాటయిందన్నమాట.”
2. “ఎద్దూ కొడవలీ ఎన్నికల భాషగా మారాయి.”